పాత పడవ, సొంత మరమ్మతు: తెగని వాదాలు, తేలిన సంగతులు

పాత పడవను చవకగా కొని తీరిక వేళల్లో సొంత చేతులతో బాగుచేసుకోవడం అమెరికా, బ్రిటన్, ఉత్తర ఐరోపా, న్యూజిలాండ్ తీరాల్లో బాగా పాతుకుపోయిన అలవాటు. అక్కడ అది సరదా. ఆంధ్ర తీరంలో అదే పని బతుకుతెరువులో భాగం. చోటు ఏదైనా ప్రశ్న ఒకటే. పాడైన పడవను దేనితో బాగుచేయాలి, ఎంతవరకు చేయాలి, ఎవరు చేయాలి?

ఈ ప్రశ్నకు జవాబులు యాభై ఏళ్లుగా పోగుపడుతున్నాయి కానీ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. పలకకు బదులు పలకే వేయాలని ఒకరంటారు. ఎపాక్సీ జిగురు వచ్చాక ఆ చాదస్తం ఎందుకని మరొకరంటారు. మొత్తానికి ఫైబర్ తొడుగు వేస్తే గొడవ వదులుతుందనేవారు ఉన్నారు, అలా చేస్తే పడవను బతికుండగానే పాతిపెట్టినట్టని మండిపడేవారూ ఉన్నారు. కొత్తగా ఈ పనిలోకి దిగినవాడు పది పుస్తకాలు చదివితే పది దారులు కనిపిస్తాయి. ఈ వాదాలు ఎలా పుట్టాయి, ఏది ఎంతవరకు నిలుస్తుంది, ఇంకా తేలనిది ఏమిటి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చర్చ పుట్టుక

రెండో ప్రపంచ యుద్ధం దాకా చిన్న పడవ అంటే దాదాపుగా కలప పడవే. అడుగున వెన్నుదూలం, దాని మీద వంపు తిరిగిన చట్రం కర్రలు, వాటికి రాగి, కంచు లేదా ఇనుప మేకులతో బిగించిన పలకలు, సందుల్లో కుక్కిన నూలు, పైన లప్పం, రంగు. ఏ ముక్క పాడైతే ఆ ముక్క తీసి, అదే కొలతలో కొత్తది వేయడమే మరమ్మతు. దానికి వడ్రంగులు ఉండేవారు. యజమాని పని మహా అయితే రంగు వేసుకోవడం.

1942లో ఒహాయోకు చెందిన రే గ్రీన్ గాజునార, పాలియెస్టర్ రెజిన్ కలిపి ఫైబర్ పడవ తయారుచేశాడు. 1959 న్యూయార్క్ పడవల ప్రదర్శనలో పియర్సన్ సంస్థ ట్రైటన్ అనే ఫైబర్ తెరచాప పడవను పెట్టింది. మధ్యతరగతి కుటుంబం కొనగలిగిన పడవ అది. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో కలప పడవల యార్డులు వరుసగా తగ్గిపోయాయి, వడ్రంగులూ తగ్గిపోయారు. మిగిలిన కలప పడవలు కారుచవకగా దొరకసాగాయి. కొన్నవాళ్లలో చాలామందికి ఉలి పట్టడం రాదు. సొంత మరమ్మతు ఒక ఉద్యమంగా మారింది ఈ ఖాళీలోనే.

ఆ ఖాళీని పూరించడానికి ఒకే కాలంలో రెండు ఎదురెదురు ప్రయత్నాలు జరిగాయి. 1969లో మిషిగన్ రాష్ట్రం బే సిటీలో గూజన్ సోదరులు పడవల షెడ్డు తెరిచి, కలపను ఎపాక్సీ రెజిన్‌తో అతికి, అన్ని వైపులా దానితోనే పూత వేసే పద్ధతిని అభివృద్ధి చేశారు. 1970లో వాళ్లు కట్టిన అడాజియో అనే మూడు పొట్టల పడవ ఆ పద్ధతికి తొలి పెద్ద నమూనా. 1979లో వచ్చిన వాళ్ల పుస్తకం పద్ధతిని ప్రపంచమంతా చేరవేసింది. మరోవైపు 1974లో మెయిన్ రాష్ట్రంలో జాన్ విల్సన్ ‘వుడెన్‌బోట్’ పత్రిక మొదలుపెట్టి, అంతరించిపోతున్న పాత పనితనాన్ని మామూలు పాఠకుడికి నేర్పే పని చేపట్టాడు. ఒకరు కలప స్వభావాన్ని మార్చాలన్నారు, ఇంకొకరు దాని స్వభావాన్ని తెలుసుకోమన్నారు. నేటి వాదాలకు వేర్లు ఇక్కడే ఉన్నాయి.

ఈలోగా ఫైబర్ పడవలకూ వయసు మీదపడింది. అడుగున పొక్కులు లేచాయి, డెక్కులు మెత్తబడ్డాయి. 1990లో నైజల్ కాల్డర్ యంత్రాలు, విద్యుత్తు గురించి రాసిన సంపుటి, 1991లో డాన్ కేసీ పాత ఫైబర్ పడవల బాగోగులపై రాసిన ‘దిస్ ఓల్డ్ బోట్’ యజమానుల చేతి పుస్తకాలయ్యాయి. చివరి మలుపు వీడియోలది. 1910 నాటి ‘టాలీ హో’ అనే పడవను 2017లో కొని, వారం వారం పనిని కెమెరా ముందు చూపిస్తూ, ప్రేక్షకుల విరాళాలతో 2024లో మళ్లీ నీటిలో దించిన లియో సాంప్సన్ గూల్డెన్ ఉదాహరణ అందరికీ తెలిసినదే. ఆయన స్వయంగా పడవలు కట్టే వృత్తివాడు, పైగా ఆ పని చాలామంది సహాయకులతో సాగింది. చూసి ఉత్సాహపడేవాళ్లు ఈ రెండు సంగతులూ మరిచిపోతుంటారు.

అందరూ ఒప్పుకునేవి

మందు దగ్గర తగవే కానీ రోగం దగ్గర తగవు తక్కువ. పాత పడవ ఎందుకు పాడవుతుందన్న దానిపై అన్ని వర్గాలూ దాదాపు ఒకే మాట చెబుతాయి.

మొదటిది, కలప పడవకు అసలు శత్రువు కింద ఉన్న ఉప్పునీరు కాదు, పైనుంచి పడే వాన నీరు. కలపలో తేమ సుమారు 20 శాతం దాటితేనే పుచ్చు పట్టించే శిలీంధ్రం పెరుగుతుంది. ఉప్పు దాని పెరుగుదలను కొంత అడ్డుకుంటుంది. అందుకే పుచ్చు ఎక్కువగా డెక్కు మూలల్లో, గది గోడ డెక్కును కలిసే చోట, వెనక పలక పైఅంచున, గాలి ఆడని అరల్లో కనబడుతుంది. మూతలన్నీ బిగించి, టార్పాలిన్ కప్పి నెలల తరబడి వదిలేసిన పడవ వాడుతున్న పడవ కన్నా త్వరగా చెడుతుంది.

రెండోది లోహం. ఇనుప మేకు తుప్పు పడితే చుట్టూ ఉన్న ఓక్ కలప కూడా నల్లబడి పట్టు కోల్పోతుంది. కంచు, ఉక్కు పక్కపక్కన ఉప్పునీటిలో ఉంటే ఉక్కు కరుగుతుంది. దీనికి విరుగుడుగా జింకు దిమ్మలు బిగిస్తారు. ఎక్కువైతే మేలు చేస్తాయనుకుని దిమ్మల మీద దిమ్మలు బిగిస్తే అక్కడ పుట్టే క్షారం చుట్టూ ఉన్న కలపనే తినేస్తుంది. మంచి ఉద్దేశంతో యజమానులు చేసే నష్టాల్లో ఇది ముఖ్యమైనది.

మూడోది, ఒడ్డున ఎండిన పడవ. నీళ్లలో నుంచి తీసి నెలల పాటు ఎండబెడితే పలకలు ముడుచుకుని సందులు తెరుచుకుంటాయి. కొత్త యజమాని కంగారుపడి ఆ సందుల్లో గట్టిపడే లప్పం దట్టంగా కుక్కుతాడు. మళ్లీ నీటిలో దించాక పలకలు ఉబ్బుతాయి, ఉబ్బడానికి చోటుండదు. ఆ ఒత్తిడికి లోపలి చట్రం కర్రలు విరుగుతాయి, మేకులు ఊడిపోతాయి. తడిపి, కొన్నాళ్లు ఆగి, అప్పటికీ మూసుకోని సందునే ముట్టుకోవాలి.

నాలుగోది పరీక్ష. చిన్న సుత్తితో కొడితే వచ్చే శబ్దం, సూదిగా ఉన్న కడ్డీ దిగే తీరు, తేమ మీటరు చూపే అంకె, ఈ మూడూ కలిపి చూడాలి. రంగు కింద ఏముందో రంగు చెప్పదు. కలపను తొలిచే టెరిడో లాంటి సముద్రపు పురుగు పట్టిన పలక పైకి నిక్షేపంగానే ఉంటుంది, లోపల గుల్ల.

మొదటి వాదం: పలకకు పలకే

సంప్రదాయవాదుల వాదన సూటిగా ఉంటుంది. పలకలతో కట్టిన పడవ విడి భాగాల కూర్పు. ఏ భాగమైనా విప్పవచ్చు, మార్చవచ్చు. కలప తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. సందుల్లోని నూలు ఆ కదలికకు చోటిస్తుంది. ఈ అమరికను గౌరవిస్తే పడవ వందేళ్లు నిలుస్తుంది, రేపు ఇంకొకరు వచ్చి ఇవాళ వేసిన ముక్కను తేలిగ్గా విప్పగలరు.

ఈ వర్గం చెప్పే నియమాలూ స్పష్టమైనవే. పాత పలకకు కొత్త ముక్క అతకాలంటే రెండింటినీ ఏటవాలుగా చెక్కాలి. పలక మందం ఎంతో ఆ ఏటవాలు పొడవు దానికి కనీసం 8 రెట్లు, వీలైతే 12 రెట్లు ఉండాలి. పక్కపక్క పలకల అతుకులు ఒకే వరుసలో రాకూడదు. పాత మేకు ఏ లోహమో కొత్తదీ అదే ఉండాలి.

ఇందులోనూ రెండు పాయలున్నాయి. పాత జాతి కలపే, పాత రకం లప్పమే వాడాలని ఛాందసులు పట్టుబడతారు. విరిగిన చట్రం కర్రను తీయకుండా పక్కన జోడు కర్ర బిగించవచ్చని, కొన్ని సందుల్లో కొత్త రకం సాగే సీలెంట్లు వాడవచ్చని ఉదారవాదులు సర్దుకుంటారు. ఒక విషయంలో మాత్రం రెండు పాయలూ కలుస్తాయి. బలమైన పాలీయురెథేన్ జిగురుతో పెట్టిన భాగాన్ని తర్వాత విప్పబోతే కలపే చీలి వస్తుంది కాబట్టి, విప్పవలసిన చోట దాన్ని వాడకూడదు.

ఈ వాదానికి బలహీనత దాని ఖర్చులో ఉంది. నిడుపాటి, ముడులు లేని మంచి టేకు, ఓక్ దొరకడం కష్టమైంది. పలకను ఆవిరి పట్టి వంచడం, అంచును ఎడంగా చెక్కడం, నూలు ఎంత గట్టిగా కుక్కాలో చేతికి తెలియడం ఏళ్ల అభ్యాసంతో వచ్చే విద్యలు. వారాంతాల్లో పనిచేసే మనిషి నేర్చుకోలేడని కాదు. నేర్చుకునేలోగా యార్డు అద్దె నెలనెలా పెరుగుతూనే ఉంటుంది.

రెండో వాదం: ఎపాక్సీతో కొత్త బలం

ఎపాక్సీ వర్గం దీనికి పూర్తిగా భిన్నమైన చోటు నుంచి మొదలవుతుంది. కలప కదలడమే సమస్య అయితే, తేమ లోపలికి పోకుండా కట్టేసి ఆ కదలికనే ఆపేద్దామంటుంది. ఎపాక్సీ జిగురు ఖాళీలను నింపుతూ పట్టుకుంటుంది. వడ్రంగం అంత కచ్చితంగా లేకపోయినా అతుకు నిలుస్తుంది. కొత్తగా పని నేర్చుకునేవారికి ఇది పెద్ద వరం.

ప్లైవుడ్‌తో, పల్చటి పొరలతో కొత్తగా కట్టిన పడవల్లో ఈ పద్ధతి తన సత్తా నిరూపించుకుంది. చిక్కు పాత పలకల పడవలతోనే. జిగురు బాగా పట్టాలంటే కలపలో తేమ సుమారు 12 శాతం లోపు ఉండాలి. దశాబ్దాల పాటు ఉప్పు, నూనె, రంగు పీల్చిన పలకను ఆ స్థితికి తేవడం కష్టం. తెచ్చినా, వెలుపల పూత వేసి లోపలి వైపు వదిలేస్తే తేమ అటునుంచి చేరి బయటికి పోయే దారిలేక అక్కడే నిలుస్తుంది. తేమను ఆపాల్సిన పూత తేమను బంధించే పూతగా మారుతుంది.

దీనికి మధ్యేమార్గం ఒకటుంది. పాత పలకల సందుల్లో కలప బద్దలు జిగురుతో దిగ్గొట్టి, వాటి మీద రెండు మూడు పొరల పల్చటి కలపను ఏటవాలుగా అతికి మొత్తాన్ని ఒకే గట్టి చిప్పగా మార్చడం. ఇది పడవ స్వభావాన్నే మార్చేస్తుంది. ఆ పని బాగా చేస్తే ఫలితం బాగుంటుంది, సగంలో ఆపితే పాత పడవా మిగలదు, కొత్తదీ రాదు.

పుచ్చిన కలపలోకి పల్చటి ఎపాక్సీ ఎక్కించి గట్టిపరచడంపై కూడా వాదం నడుస్తోంది. కిటికీ చట్రం, అలంకార పట్టీ లాంటి బరువు మోయని చోట్ల దాన్ని చాలామంది ఒప్పుకుంటారు. బరువు మోసే చోట అది పోయిన బలాన్ని తిరిగి ఇవ్వదన్నది అనుభవజ్ఞుల మాట. ఎపాక్సీ గురించి తక్కువగా వినబడే హెచ్చరిక ఇంకొకటుంది. దాన్ని గట్టిపరిచే రసాయనం (హార్డెనర్) చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ మొదలవుతుంది. ఒకసారి పట్టుకుంటే సాధారణంగా వదలదు. చేతి తొడుగులు లేకుండా వీడియోల్లో కనబడేవాళ్లను ఈ విషయంలో అనుకరించకూడదు.

మూడో వాదం: ఫైబర్ తొడుగు

కారుతున్న కలప పడవకు వెలుపల గాజునార, రెజిన్ వేసి మూసేయడం అన్నిటికన్నా ఎక్కువ తిట్లు తిన్న పద్ధతి. మెత్తబడిన పలకల మీద పల్చటి పాలియెస్టర్ పొర వేస్తే పడవ పైన పటారం, లోన లొటారం అవుతుంది. పాలియెస్టర్ కలపను గట్టిగా పట్టుకోదు. కింద కలప కదులుతుంది, పైన పొర కదలదు. రెండూ విడిపోతాయి. మధ్యలో నీరు నిలిచి పుచ్చు మరింత వేగంగా పాకుతుంది. ఇదంతా నిజమే.

కానీ ఇక్కడ రెండు వేరు పనులను ఒకే గాటన కట్టేయడం వల్ల చర్చ చెడింది. మసాచుసెట్స్‌కు చెందిన పడవల నిర్మాత అలన్ వైట్‌సెస్ 1980ల మొదట్లో పుస్తకంగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి పల్చటి పొర కాదు. మందమైన ఫైబర్ చిప్పను పడవ చుట్టూ కట్టి, దాన్ని జిగురు మీదే వదిలేయకుండా మేకులతో కూడా కలపకు బిగించే పద్ధతి. కలప రేపు పూర్తిగా బలహీనపడినా చిప్పే పడవగా నిలవాలన్నది దాని లెక్క. ఎలాగూ విరగ్గొట్టాల్సిన పడవకు ఇంకొన్నేళ్ల ఆయుష్షు ఇవ్వడమే లక్ష్యమని సమర్థకులు అంటారు. బరువు పెరుగుతుంది, వెనక్కి తీయడం కుదరదు, చారిత్రక విలువ పోతుంది అన్న అభ్యంతరాలు దీనికీ వర్తిస్తాయి. అయినా పల్చటి పొర వైఫల్యాలను చూపించి మందపు చిప్పను కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఫైబర్ పడవకూ జబ్బులున్నాయి

చావులేని పడవ అన్న ప్రచారంతో ఫైబర్ వచ్చింది. 1980లలో అడుగు భాగాన పొక్కులు లేవడంతో ఆ నమ్మకం సడలింది. పాలియెస్టర్ పొర గుండా నీరు నెమ్మదిగా లోపలికి చేరుతుంది, అక్కడ నీటిలో కరిగే పదార్థాలతో కలిసి చిక్కటి ద్రవమవుతుంది. ఆ ద్రవం మరింత నీటిని లాగుతూ పొరను పైకి ఉబ్బిస్తుంది. రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాకెట్, రోజ్‌లు అమెరికా కోస్ట్ గార్డ్ కోసం చేసి 1987లో వెలువరించిన అధ్యయనం ఈ ప్రక్రియను వివరంగా పరిశీలించింది.

కారణం తేలినా చికిత్స తేలలేదు. పై పొర మొత్తం చెక్కేసి, మంచినీటితో కడుగుతూ వారాల తరబడి ఆరబెట్టి, ఎపాక్సీ పూతలు వేయాలని ఒక వర్గం అంటుంది. పొక్కుల వల్ల పడవ మునగడం అత్యంత అరుదు కాబట్టి పెద్దవాటిని గీకి పూడ్చి, ఏటా ఒడ్డున కొన్నాళ్లు ఆరనిస్తే చాలని మరో వర్గం అంటుంది. సరిగా ఆరకముందే పూత వేస్తే పొక్కులు తిరిగి వస్తాయన్న మాటపై ఇద్దరికీ భేదం లేదు.

డెక్కు సంగతి ఇంతకన్నా తీవ్రం. చాలా ఫైబర్ డెక్కుల మధ్యలో బాల్సా కలప ఉంటుంది. బోల్టు రంధ్రాల దగ్గర నీరు చేరితే అది నానిపోయి, నడిస్తే డెక్కు దిగుతుంది. రంధ్రాలు వేసి ఎపాక్సీ ఎక్కిస్తే సరిపోతుందనడం ఆకర్షణీయంగానే ఉంటుంది కానీ, తడి బాల్సాలో రెజిన్ పాకదు. పై పొర కోసి, కుళ్లినదంతా తీసి, కొత్త మధ్యపొర వేయడమే నమ్మదగిన దారి. పగిలిన చోట అతుకు వేసేటప్పుడు గాయం చుట్టూ పొరను మందానికి 12 రెట్ల దూరం వాలుగా గ్రైండ్ చేయాలన్నది అందరూ పాటించే లెక్క. ఎపాక్సీ పాత పాలియెస్టర్‌ను బాగా పట్టుకుంటుంది. ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా నిలవదు. ఈ వరుస తారుమారైన అతుకులే ఎక్కువగా ఊడిపోతుంటాయి.

నాలుగో వాదం: ఎంత మార్చితే అదే పడవ?

పాత పడవ చరిత్ర కూడా అయినప్పుడు మరో ప్రశ్న వస్తుంది. స్మారక కట్టడాల పరిరక్షణకు 1964 నాటి వెనిస్ ఒప్పందపత్రం ఉంది. దాని బాటలోనే, వాడుకలో ఉన్న సంప్రదాయ ఓడల కోసం ఐరోపా సంఘాలు 2000ల తొలినాళ్లలో బార్సిలోనా ఒప్పందపత్రం రూపొందించుకున్నాయి. చేసిన ప్రతి మార్పునూ నమోదు చేయాలి, అసలు పదార్థాన్ని వీలైనంత నిలపాలి, ఊహతో కొత్త భాగాలు కల్పించకూడదు అన్న దృక్పథానికి ఈ పత్రాలు ఆధారం.

ఆచరణలో మూడు ధోరణులు కనిపిస్తాయి. పాత కలపే పడవ అన్నది ఒకటి. దీన్ని అక్షరాలా పాటిస్తే పడవ మ్యూజియంలో ఉండాల్సిందే. రూపమే పడవ అన్నది రెండోది. వెన్నుదూలం, చట్రం, పలకలు దాదాపు అన్నీ కొత్తవైనా టాలీ హో టాలీ హోనే అనేవారి మాట ఇది. 1797లో నీటిలో దిగిన అమెరికా యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్‌లో అసలు కలప కొద్దిగానే మిగిలింది, అయినా దాని గుర్తింపును ఎవరూ కాదనరు. పనితనమే పడవ అన్నది మూడోది. కట్టే విద్య, నడిపే విద్య కొనసాగితే చాలు, కలప మారినా పరవాలేదు. సొంత మరమ్మతుదారుకు ఈ చర్చ నుంచి దక్కే మేలు ఒక్కటే అయినా విలువైనది. విప్పే ముందు ఫొటోలు తీయాలి, కొలతలు రాసుకోవాలి, తీసిన ముక్కను కొత్తది తయారయ్యేదాకా పారేయకూడదు.

మన తీరం చెప్పే పాఠం

ఈ వాదాల్లో చాలా వాటికి ఆంధ్ర తీరం తనదైన జవాబు ఎప్పుడో చెప్పింది. దుంగలను తాళ్లతో కట్టిన తెప్పను వేట నుంచి రాగానే ఒడ్డుకు లాగి, విప్పి ఆరబెట్టేవారు. దాంతో దుంగలు నానవు, పురుగుకూ అవకాశం తక్కువ. పుచ్చిన దుంగ ఒక్కటే మారుతుంది. పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవ కెరటం దెబ్బకు విరగకుండా వంగేది. తాళ్లు అరిగితే మళ్లీ కుట్టేవారు. రెండూ మరమ్మతును దృష్టిలో పెట్టుకుని పుట్టిన పడవలే. కోరంగి, తాళ్లరేవు ప్రాంతం చెక్క ఓడల నిర్మాణానికి శతాబ్దాలుగా పేరుపొందింది.

తర్వాత ఇక్కడా పదార్థం మారింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వారి బంగాళాఖాత కార్యక్రమం కెరటాలు దాటి ఒడ్డున ఆగగల మోటారు పడవల నమూనాలను పరీక్షించింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చవక రబ్బరు కలపకు మందు ఎక్కించి, ఫైబర్ తొడుగు వేసి పడవలు చేసే మార్గాన్ని పరిశోధించింది. విశాఖపట్నంలో కలపను తొలిచే సముద్ర జీవులపై ప్రత్యేక పరిశోధన కేంద్రం పనిచేసింది. మంచి దుంగలు ప్రియమయ్యాక ఫైబర్ బోటు తీరమంతా పరుచుకుంది.

వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరమ్మతుల కాలం. ఇసుక మీద లాగినప్పుడు అరిగిన అడుగుకు గాజునార మ్యాట్, రెజిన్ తెచ్చి మత్స్యకారులే అతుకు వేసుకుంటారు. ఇంజను పని మెకానిక్‌కు, పెద్ద పగుళ్లు ఫైబర్ పనివాడికి వదులుతారు. పాశ్చాత్య పుస్తకాలు అధ్యాయాలుగా వివరించే పని విభజన ఇక్కడ అలవాటుగా నడుస్తోంది. అలాగని లోపాలు లేవని కాదు. తేమ నిండిన గాలిలో, ఉప్పు అంటిన ఉపరితలం మీద, కొలత లేకుండా పోసిన హార్డెనర్‌తో వేసిన అతుకు ఎక్కువ కాలం నిలవదు. గ్రైండర్ దుమ్ముకు మాస్కు కట్టుకునేవారూ తక్కువే. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత శ్రీలంక, ఇండోనేషియా తీరాల్లో హడావిడిగా పంచిన ఫైబర్ పడవల్లో నాసిరకానివి చాలా బయటపడ్డాయి. మొదటి కట్టుబడి బాగోలేకపోతే తర్వాతి అతుకులు దాన్ని కాపాడలేవు.

ఒక్క చూపులో నాలుగు దారులు

- పలకకు పలక: విప్పి మళ్లీ చేసుకోవచ్చు, పడవ విలువ నిలుస్తుంది. నైపుణ్యం, కాలం, మంచి కలప కావాలి. చట్రం గట్టిగా ఉన్న, నిలుపుకోదగిన పడవకు తగినది.
- ఎపాక్సీ: బలమైన అతుకు, కొత్తవారికి అనువు. కలప పొడిగా ఉండాలి, విప్పడం కష్టం. ప్లైవుడ్, పొరల పడవలకు బాగా సరిపోతుంది.
- మందపు ఫైబర్ చిప్ప: ఆయుష్షు పెంచుతుంది. బరువు, ఖర్చు పెరుగుతాయి, వెనక్కి తిరగలేం. చారిత్రక విలువ లేని, వేరే దారిలేని పడవకు ఆఖరి మార్గం.
- పల్చటి ఫైబర్ పొర: కదిలే పలకల మీద పనికిరాదు. కదలని ప్లైవుడ్ మీద, ఎపాక్సీతో వేస్తే మంచి రక్షణ.

సొంత పనికి హద్దు ఎక్కడ?

గీకడం, రంగు, డెక్కు బోల్టుల కింద సీలెంట్ మార్చడం, చిన్న ఫైబర్ అతుకులు, అలంకార కలప పని యజమాని నిశ్చింతగా చేసుకోవచ్చు. వెన్నుదూలం బోల్టులు, ఇంధన గొట్టాలు, గ్యాస్ పొయ్యి, నీటిమట్టం కింది కవాటాలు, విద్యుత్తు తీగలు నేర్చుకుని చేసినా తెలిసినవారితో తనిఖీ చేయించాలి. పెట్రోలు ఆవిరి, వంట గ్యాసు గాలి కన్నా బరువైనవి. కారితే పడవ అడుగున పేరుకుని నిప్పురవ్వ కోసం కాచుకుంటాయి. పైన కొత్త గది, బరువైన డెక్కు చేర్చితే పడవ తూకం మారుతుంది. కంటి అంచనాతో చేయకూడని పని అది.

పాత రంగులో సీసం ఉండవచ్చు, పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాచు పట్టకుండా అడుగున వేసే పాత పూతల్లో టీబీటీ అనే తగర సమ్మేళనం ఉండవచ్చు. నత్తలు, గుల్లలకు చేటు చేస్తున్నందున ఓడలపై దాన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది. చట్టాలు కూడా చూసుకోవాలి. ఐరోపా యూనియన్‌లో సొంత వాడకానికి కట్టుకున్న పడవను వాడుక మొదలైన ఐదేళ్ల లోపు అమ్మకానికి పెడితే సొంత వాడకపు మినహాయింపు వర్తించదు.

ఇంకా తేలనివి

ఎపాక్సీలో మూసిన కలప వందేళ్లు ఉంటుందా? అంత వయసున్న పడవ ఇంకా లేదు, కాలమే జవాబు చెప్పాలి. పాత ఫైబర్ పడవలను ఏం చేయాలి? అంతర్జాతీయ సముద్ర సంస్థ 2019లో ఈ సమస్యపై నివేదిక వెలువరించింది. అదే ఏడాది ఫ్రాన్స్ పాత పడవలను యజమానికి ఖర్చు లేకుండా విడగొట్టే వ్యవస్థ మొదలుపెట్టింది. ప్రతి ఫైబర్ పడవనూ బాగుచేయడం పర్యావరణానికి మేలా, కొన్నింటిని వదిలేయడమే మేలా అన్నది ఎవరూ లెక్కతేల్చలేదు. సొంత మరమ్మతులను దుమ్ము, బీమా కారణాలతో నిషేధించే యార్డులు పెరిగితే ఈ సంప్రదాయం ఎక్కడ బతుకుతుంది? వీడియోలు జ్ఞానాన్ని పంచుతున్నాయి, కానీ విజయాలు కనిపించినంతగా మధ్యలో వదిలేసిన పడవలు అందులో కనిపించవు. ఆ లోటు ఎలా తీరాలి?

తీర్పు

ఇన్ని వాదాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, కలపా రెజినా అన్న ప్రశ్న దగ్గరే చర్చ ఎక్కువగా చిక్కుపడిందని అర్థమవుతుంది. ముందు అడగాల్సినవి వేరు. ఈ పడవ దేనికి, వేటకా, విహారానికా, ప్రదర్శనకా? దీని చట్రం గట్టిగా ఉందా? ఇవాళ చేసే పనిని రేపు ఇంకొకరు విప్పి సరిదిద్దగలరా? ఈ మూడింటికీ జవాబు దొరికితే పదార్థం దానంతట అదే తేలిపోతుంది. జవాబు దొరకకపోతే ఏ పదార్థమూ కాపాడదు.

పాత పడవ ధర తక్కువగా ఉండడం దాన్ని కొనడానికి కారణం కాదు. ఇంజను, తెరచాపలు, యార్డు అద్దె, కాలం కలిపితే మరమ్మతు ఖర్చు చాలాసార్లు పడవ విలువను దాటిపోతుంది. కాబట్టి ఈ పనికి దిగాలనుకునేవారు మొదటి రూపాయి రెజిన్ డబ్బా మీద కాక, పడవను సుత్తితో కొట్టి చూసి నిజం చెప్పే తెలిసిన మనిషి మీద పెట్టాలి. ఆయన వద్దంటే ఆ పడవను వదిలేసి మరొకటి చూసుకోవాలి.